తాగి నడిపింది కొడుకు, కట్టాల్సింది తండ్రి: ఒక ప్రమాద పరిహారం కేసు

మందు తాగి బండి నడుపుతూ దొరికితే ఏమవుతుందని ఎవరినైనా అడగండి. పదివేలు జరిమానా, మహా అయితే రెండు రోజులు జైలు అంటారు. మోటారు ప్రమాద కేసుల్లో ఎక్కువగా బాధితుల తరఫున వాదించే న్యాయవాదిగా ఈ మాట తరచూ వింటుంటాను. ఇక్కడ రాస్తున్న కేసులో ఆ పదివేలు ఉంది. కాగితాల్లో కనిపించే అంకెలన్నిట్లోకీ చిన్నది అదే. కక్షిదారు అనుమతితో రాస్తున్నాను. పేర్లు, ఊరు, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు వదిలేశాను.

ఆ రాత్రి

2022 డిసెంబరులో ఒక శనివారం. హైదరాబాద్ – విజయవాడ జాతీయ రహదారి 65 పక్కన ఒక మండల కేంద్రం. బస్టాండు దగ్గర సాయంత్రాలు దోసెల బండి పెట్టుకునే 36 ఏళ్ల మనిషి పదకొండింటికి పొయ్యి ఆర్పేసి, బండి తోసుకుంటూ ఇంటిదారి పట్టాడు. భార్య గిన్నెల బుట్ట నెత్తిన పెట్టుకుని వెనకాలే వస్తోంది. ఇద్దరూ రోడ్డు అంచున ఉండే తెల్లగీతకు అవతల, మట్టి మీదే నడుస్తున్నారు. పదకొండూ ఇరవై ప్రాంతంలో హైదరాబాద్ వైపు నుంచి వచ్చిన కారు గీత దాటి, బండినీ మనిషినీ ఈడ్చుకుపోయి కరెంటు స్తంభానికి తగిలి ఆగింది. అతను అక్కడికక్కడే పోయాడు.

నడుపుతున్నది 23 ఏళ్ల ఇంజనీరింగ్ కుర్రాడు. కారు తండ్రి పేరు మీద ఉంది. ఆయన ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆ సమయానికి ఇంట్లో నిద్రపోతున్నాడు.

మోటారు వాహన ఇన్‌స్పెక్టర్ బ్రేకులు బాగానే ఉన్నాయని రిపోర్టు ఇచ్చాడు. పంచనామాలో మాత్రం ఒక వాక్యం ఉంది: రోడ్డు మీద గానీ మట్టిలో గానీ బ్రేకు వేసిన గుర్తులు లేవు. ఇలాంటి కేసుల్లో నేను ముందుగా వెతికేది ఈ వాక్యమే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మామూలు మనిషికి ఎదురుగా ఉన్నది కనబడి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటి, ఒకటిన్నర సెకను పడుతుంది. మద్యం ఆ వ్యవధిని సాగదీస్తుంది. దూరం అంచనా తప్పుతుంది, పక్కనున్నది చూపుకి ఆనదు. ఇవన్నీ జరుగుతున్నా నడిపేవాడికి మాత్రం తాను బాగానే నడుపుతున్నానన్న ధీమా పెరుగుతుంది. మామూలు ప్రమాదంలో చివరి క్షణంలోనైనా బ్రేకు పడుతుంది, చాలాసార్లు టైరు నల్లటి గీత వదులుతుంది. ఇక్కడ ఆ గీత కూడా లేదు.

రక్తం తీసిన వేళ

పోలీసులు వచ్చేసరికి కుర్రాడు అక్కడ లేడు. గడ్డం చీలిందని స్నేహితులు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అందుకే ఊదే యంత్రం పరీక్ష జరగలేదు. పోలీసులు వెతికి పట్టుకుని ఏరియా ఆసుపత్రికి తెచ్చి రక్తం తీయించేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. ల్యాబు రిపోర్టులో 100 మి.లీ. రక్తానికి 96 మి.గ్రా. ఆల్కహాల్ వచ్చింది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 పెట్టిన హద్దు 30 మి.గ్రా. సాధారణ బరువున్న మగవాడు ఆ హద్దు దాటడానికి 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు ఒక్కటి చాలు. తాగిన మద్యాన్ని శరీరం గంటకు సగటున 100 మి.లీ. రక్తానికి 15 మి.గ్రా. చొప్పున ఖర్చు చేసుకుంటుంది కాబట్టి, మూడింటికి 96 అంటే పదకొండూ ఇరవైకి 150 దరిదాపుల్లో ఉండి ఉండాలి. అది అంచనా. ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, అంటే ట్రైబ్యునల్, 96నే లెక్కలోకి తీసుకుంది, అదే హద్దుకు మూడు రెట్లు.

ఈ అంకె నిలబడటానికి కారణం ఒక డ్యూటీ డాక్టరు శ్రద్ధ. కుర్రాడి తరఫు న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సినవన్నీ అడిగాడు. చర్మం స్పిరిట్‌తో తుడిచారా? స్పిరిట్ కూడా ఆల్కహాలే కదా? డాక్టరు తన రిజిస్టరు తెరిచి, సెలైన్‌లో తడిపిన దూదితో తుడిచినట్టు ఆ రాత్రే రాసుకున్న వరుస చదివాడు. రక్తం పులిసి దానంతటదే ఆల్కహాల్ పుట్టే అవకాశం లేదా? సోడియం ఫ్లోరైడ్ వేసిన సీసాలో తీశాం, సీలు నంబరు ఇదిగో అన్నాడు. వాసన వస్తోంది, తూలుతున్నాడు అని రాసి ఊరుకుంటే కేసు ఏమయ్యేదో చెప్పలేం. 1971లోనే కార్యాని కేసులో సుప్రీంకోర్టు, రక్తపరీక్ష లేకుండా నోటి వాసన, తూలు నడక, పెద్దవైన కనుపాపలు చూసి మద్యం సేవించాడని తేల్చలేమని చెప్పింది. రాత్రి డ్యూటీలో విసిగిపోయిన ఒక డాక్టరు రాసే ఆ నాలుగు వరుసల మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడుతుంది. ఆయన్ని కలిసి చేతులు పట్టుకుని ధన్యవాదాలు చెప్పాను.

క్రిమినల్ కేసు సంగతి

మొదట ఎఫ్‌ఐఆర్ ఐపీసీ 304ఎ కింద కట్టారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం. గరిష్ఠంగా రెండేళ్లు, బెయిలు హక్కుగా దొరుకుతుంది. ల్యాబు రిపోర్టు వచ్చాక పోలీసులు సెక్షన్ మార్చి 304 రెండో భాగం కింద ఛార్జిషీటు వేశారు. ఇది హత్య కిందికి రాని నరహత్య. తన పని వల్ల ప్రాణం పోవచ్చని తెలిసీ చేశాడని అర్థం. పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు, బెయిలు కోర్టు దయ, విచారణ సెషన్స్ కోర్టులో. 2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకైతే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106(1), 105 సెక్షన్లు వర్తిస్తాయి. 106(1)లో శిక్ష ఐదేళ్ల దాకా పెరిగింది.

ఈ మార్పుకు బలమైన ఆధారం 2012లో వచ్చిన అలిస్టర్ ఆంథోనీ పరేరా తీర్పు. 2006 నవంబరులో ముంబై కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు ఎక్కింది. ఏడుగురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. నడిపినవాడి రక్తంలో 112 మి.గ్రా. కింది కోర్టు 304ఎ కింద ఆరు నెలలు వేసింది. హైకోర్టు దాన్ని 304 రెండో భాగానికి మార్చి మూడేళ్లు చేసింది. సుప్రీంకోర్టు ఖాయపరిచింది. ఏడు ప్రాణాలకు మూడేళ్లేనా అని అడిగేవాళ్లకు నా దగ్గర ఊరడింపు మాట లేదు. కానీ తాగి వేగంగా నడపడమంటే ఫలితం తెలిసి చేయడమే అన్న సూత్రం అక్కడ గట్టిగా నిలబడింది, మాలాంటివాళ్లు దాన్నే పట్టుకుని వాదిస్తున్నాం.

మా కేసులో కుర్రాడు దాదాపు నెల రోజులు జైల్లో ఉన్నాడు. బెయిలు షరతుగా పాస్‌పోర్టు కోర్టుకు అప్పగించాడు. అప్పటికి అతనికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చి ఉంది. వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది, లేదని రాస్తే అది ఇంకో నేరం. అక్కడికి చేరినవాళ్లకూ ఇది చుట్టుకుంటుంది. తాగి నడుపుతూ అరెస్టయితే, కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేసే విధానాన్ని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి పాటిస్తోంది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. సెషన్స్ కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి దాని గురించి ఇంతకంటే రాయను.

తాగిండని చెప్తే పైసలు రావంట గదా?

2023 ఏప్రిల్‌లో పరిహారం కోసం ట్రైబ్యునల్‌లో ఓపీ, అంటే అసలు అర్జీ, వేశాం. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆరు నెలల గడువు వచ్చింది కాబట్టి ఆలస్యం చేసే వీలు లేదు. మొదటి ప్రతివాది కొడుకు, రెండో ప్రతివాది తండ్రి, మూడో ప్రతివాది బీమా కంపెనీ.

వకాలత్ మీద సంతకం పెట్టడానికి వచ్చిన రోజే చనిపోయినతని భార్య అడిగిన మాట ఇది: "సారూ, తాగి నడిపిండని రాస్తే ఇన్సూరెన్సోళ్లు పైసలియ్యరంట గదా? మరి మనం రాయకుంటే ఏమైతది?"

ఊళ్లో ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాడి మాటలో సగం నిజముంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150 ప్రకారం, మద్యం మత్తులో నడపకూడదన్న పాలసీ షరతు ఉల్లంఘన బీమా కంపెనీకి ఒక రక్షణ. 2022కు ముందు సెక్షన్ 149లో ఈ మాట నేరుగా ఉండేది కాదు, ఇప్పుడు ఉంది. అందుకే బాధితుల పక్షాన వాదించే కొందరు మద్యం ఊసెత్తకుండా నిర్లక్ష్యం అని మాత్రమే రాసి నెట్టుకొస్తారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. భర్తను చంపినవాడు తాగి ఉన్నాడని తెలిసిన భార్య, డబ్బు కోసం బోనులో నిలబడి ఆ మాట మింగేయాల్సిన పరిస్థితి ఏ చట్టమూ కల్పించకూడదు. నిజానికి మన చట్టం కల్పించలేదు కూడా.

మధ్యే మార్గం ఒకటుంది. కోర్టుల్లో దాన్ని 'ముందు చెల్లించి తర్వాత వసూలు చేసుకో' పద్ధతి అంటాం. పాలసీ ఒప్పందం కంపెనీకీ కారు యజమానికీ మధ్య ఉంటుంది. దారిన పోయే మనిషికి దాంతో సంబంధం లేదు, ఆ షరతు తప్పినవాడూ అతను కాదు. కాబట్టి కంపెనీ ముందు బాధితులకు మొత్తం చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలి. లైసెన్సు లేని కేసుల్లో సుప్రీంకోర్టు 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు ఈ దారి వేసింది. మద్యం కేసుకూ ఇదే వర్తిస్తుందని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. అందుకే ఓపీలో మద్యం సంగతి మొదటి పేజీలోనే రాశాం. ఆమెతో ఒకటే చెప్పాను: "అమ్మా, మీరు చూసింది చూసినట్టు చెప్పండి. డబ్బు ఎవరి నుంచి రావాలన్నది నేను చూసుకుంటా."

తండ్రి సంతకం

కంపెనీ తనను కేసు నుంచి పూర్తిగా తప్పించమంది. తండ్రి వాదన ఇంకోలా ఉంది. స్వరణ్ సింగ్ తీర్పు ప్రకారం నడిపినవాడు షరతు తప్పితే సరిపోదు, పాలసీదారు కూడా తగిన జాగ్రత్త తీసుకోలేదని కంపెనీయే రుజువు చేయాలి. "నేను ఇంట్లో పడుకుని ఉన్నాను. వాడు తాగుతాడని నాకు తెలియదు" అని ప్రమాణం చేసి చెప్పాడు. బలమైన వాదనే. అది నెగ్గి ఉంటే బరువంతా కంపెనీ మీదే పడేది, తండ్రి బయటపడేవాడు.

కంపెనీ న్యాయవాది ఒక సర్టిఫైడ్ కాపీ బయటికి తీశాడు. అదే ఏడాది మొదట్లో హైదరాబాద్‌లో ఈ కుర్రాడు ఇదే కారుతో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో దొరికాడు. కోర్టులో తప్పు ఒప్పుకుని పదివేలు కట్టాడు. చట్టం తప్పనిసరి చేసిన ఆరు నెలల లైసెన్సు అనర్హత ప్రమాదానికి కొద్ది నెలల ముందే ముగిసింది. హైదరాబాద్‌లో పట్టుబడ్డవాళ్లకు గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణా సంస్థల్లో కౌన్సెలింగ్ ఉంటుంది, తల్లిదండ్రులనో భార్యనో వెంటబెట్టుకుని రావాలి. కంపెనీ ఆ హాజరు పట్టీ కూడా తెప్పించింది.

"ఈ సంతకం మీదేనా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. "నాదే."

కంపెనీ న్యాయవాది ఇంకేమీ అడగలేదు. కొడుకు తాగి ఇదే కారు నడిపాడని తెలిసి, పక్కన కూర్చుని కౌన్సెలింగ్ విని వచ్చి, ఏడాది తిరక్కుండా మళ్లీ స్నేహితుడి పుట్టినరోజుకు కారు తాళాలు ఇచ్చిన తండ్రి. ఆయన నాకు ప్రతిపక్షమే అయినా ఆ క్షణంలో సంతోషం కలగలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. కొడుకును గట్టిగా ఒక మాట అనలేకపోయాడు, అంతే. అలాంటి తండ్రులు మన ఇళ్లల్లో ఎంతమంది లేరు!

పదివేలు కట్టి వదిలించుకున్నామనుకున్న ఆ మొదటి కేసు ఇలా తిరిగొచ్చింది. సెక్షన్ 185లో మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే రెండేళ్ల దాకా జైలు లేదా పదిహేను వేలు లేదా రెండూ. చాలామంది చూసేది ఈ అంకెల్నే. తప్పు ఒప్పుకున్న తీర్పు కోర్టు రికార్డుల్లోకి ఎక్కుతుందని, దాని కాపీ తర్వాత తీయవచ్చని ఎవరూ ఆలోచించరు.

దోసెల బండి ఆదాయం

తోపుడు బండి మనిషికి ఆదాయ పన్ను కాగితాలు ఉండవు. ఇలాంటి కేసుల్లో కంపెనీలు కూలీ రేటు లెక్కేయమంటాయి. ఆమె దగ్గర మూడు రకాల ఆధారాలు దొరికాయి. చిట్టీ పాస్‌బుక్కు, పిండి పట్టించే గిర్నీ వాడి ఖాతా పుస్తకం, అన్నిటికంటే ముఖ్యంగా బండికి అంటించిన క్యూఆర్ కోడ్ తాలూకు ఫోన్‌పే స్టేట్‌మెంటు. ఇరవై రూపాయలు, నలభై రూపాయలు, అరవై రూపాయలు. రోజూ సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా, పేజీల కొద్దీ. ప్రమాదం జరిగిన రాత్రి చివరి నలభై రూపాయలు పడిన వేళ 10.41. చిన్న వ్యాపారుల ఆదాయం రుజువు చేయడానికి ఈ స్టేట్‌మెంటుకు మించిన సాక్ష్యం ఈ రోజుల్లో లేదు. ఫోను నంబరు రద్దు చేయించే ముందే దాన్ని తీసి పెట్టుకోవాలని నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను.

ఖర్చులు పోను నెలకు 15,000 మిగులుతుందని ట్రైబ్యునల్ ఒప్పుకుంది. సుప్రీంకోర్టు 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం, నలభై లోపు స్వయం ఉపాధి మనిషి కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, మొత్తం నలుగురు ఆధారితులు. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఏడాది మొత్తాన్ని వయసును బట్టి ఎంతతో హెచ్చించాలో చెప్పే సరళా వర్మ తీర్పు పట్టికలో 36 ఏళ్లకు గుణకం 15. అంటే 28,35,000. సాహచర్యం కోల్పోయినందుకు నలుగురికీ తలా 48,400, ఎస్టేట్ నష్టం 18,150, అంత్యక్రియలకు 18,150. మొత్తం 30,64,900. ఓపీ వేసిన రోజు నుంచి 7.5 శాతం వడ్డీ.

2025 చివర్లో అవార్డు, అంటే ట్రైబ్యునల్ తీర్పు, వచ్చింది. కంపెనీ ముందు చెల్లించాలి, తర్వాత తండ్రీకొడుకుల దగ్గర వసూలు చేసుకోవాలి. వడ్డీతో కలిపితే అప్పటికి 36 లక్షలు దాటింది. ఆ కారు కొన్నప్పటి ధర అందులో నాలుగో వంతు ఉండదు. కారు బాగుచేయించుకోవడానికి పెట్టిన క్లెయిమును కంపెనీ ముందే తిప్పి పంపింది. తాగి నడిపితే సొంత వాహన నష్టం ఇవ్వనక్కర్లేదని 2021లో ఇఫ్కో టోకియో – పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. ఊదే పరీక్ష జరగకపోయినా ఇతర సాక్ష్యాలతో మత్తును రుజువు చేయవచ్చని కూడా అదే తీర్పు అంది.

నా ఆఫీసుకు వచ్చే కుర్రాళ్లలో కొందరు, మాది బైకే కదా సార్, పోతే మేమే పోతాం అంటారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ఒక బైకు డివైడరుకు కొట్టుకుంది. నడిపినవాడు చనిపోయాడు. అతను మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు ఈడ్చుకుపోయి అంటుకుంది. బస్సులో నిద్రపోతున్న 19 మంది కాలిపోయారు. బస్సు వైపు లోపాలు విచారణలో తేలాల్సినవి తేలుతాయి, కానీ ఆ బైకు అక్కడ పడటానికి కారణం మందు. ఇక తాగి నడిపినవాడే పోతే, యజమాని-డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా అతని ఇంటివాళ్లకు రాదు. మత్తులో ఉంటే వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు

కంపెనీ డబ్బు డిపాజిట్ చేసింది. పిల్లల వాటా వాళ్లు మేజర్లయ్యే దాకా బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. ఆమె తన వాటాలోంచి కొంత తీసుకుని, అప్పులు తీర్చి, బస్టాండు లోపల చిన్న కొట్టు అద్దెకు తీసుకుంది. రోడ్డు పక్కన బండి పెట్టనంది.

కంపెనీ తండ్రి మీద ఈపీ, అంటే తీర్పు అమలు అర్జీ, వేసింది. దీనికి వేరే దావా అక్కర్లేదు, అవార్డు ఇచ్చిన ట్రైబ్యునల్ ముందే వేయవచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 174 కింద కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలాగానూ రాబట్టవచ్చు. పింఛను, గ్రాట్యుటీ, పీఎఫ్ జప్తు కావు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 వాటిని కాపాడుతుంది. ఇరవై ఏళ్ల కింద కొన్న రెండు వందల గజాల ప్లాటును కాపాడదు. దాన్ని జప్తు చేయమని కంపెనీ అడిగింది, ఆయన వాయిదాల మీద కట్టడానికి గడువు కోరాడు. ఆ అర్జీ మీద కౌంటరు వేయాల్సింది కంపెనీయే, మా పాత్ర అక్కడితో ముగిసింది.

ఇలాంటి కేసుతో వచ్చే కుటుంబాలకు పనికొచ్చే సంగతి ఒకటి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి ప్రమాదం జరిగిన 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి ప్రమాద నివేదిక ట్రైబ్యునల్‌కు ఇవ్వాలి. రక్తపరీక్ష ఎప్పుడు తీశారు, నమూనా ల్యాబుకు ఏ తేదీన పంపారు, ఫలితం ఏ తేదీన వచ్చింది అన్న మూడు ప్రశ్నలు స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి. అర్జీ రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.